తెరచాప కొనే ముందు తీగలు చూడండి

ప్రశ్న: మాది కరీంనగర్. హైదరాబాద్‌లో ఒకరి దగ్గర పాత ఎంటర్‌ప్రైజ్ తరగతి తెరచాప పడవ కొన్నాను. అనుమతి తీసుకుని ఎల్‌ఎండీలో (దిగువ మానేరు జలాశయంలో) ఆదివారాలు మా అమ్మాయితో కలిసి నడుపుతున్నాను. తెరచాపలు వెలిసిపోయాయి, గాలి పడితే లోతుగా ఉబ్బుతున్నాయి. గాలి కాస్త పెరిగితే పడవ పక్కకు ఒరిగిపోతుందే తప్ప ముందుకు సాగదు. పోటీ పడవలకు వాడే ప్లాస్టిక్ పొరల తెరచాప కొంటే మంచిదా? వరంగల్‌లో మిర్చి మార్కెట్‌కు టార్పాలిన్లు కుట్టే తెలిసినతను తెరచాప కూడా కుడతానంటున్నాడు, కుట్టించవచ్చా? స్టీలు తీగలు తీసేసి డైనీమా తాడు వేయమని ఒకరు సలహా ఇచ్చారు. మంచినీటి పడవ కాబట్టి తీగలకు భయం లేదని అమ్మినాయన అన్నారు. డబ్బు ఒక్కసారిగా పెట్టలేను, రెండు మూడు విడతలుగా పెట్టగలను. ఏది ముందు, ఏది వెనక?

సమాధానం: మీ ఉత్తరంలో తెరచాప గురించి ఆరాటం ఎక్కువగా, తీగల గురించి నిశ్చింత ఎక్కువగా కనిపించాయి. ఈ రెండింటినీ తారుమారు చేసుకోమని నా సలహా. మొదటి విడత డబ్బు మాస్ట్‌ను, అంటే తెరచాపను మోసే నిలువు స్తంభాన్ని, నిలబెట్టే తీగలకూ వాటి పిన్నులకూ పెట్టండి. రెండో విడత తాళ్ళకూ కప్పీలకూ, మూడో విడత తెరచాపకు పెట్టండి. భద్రత ఒక్కటే దీనికి కారణం కాదు. తీగలు వదులుగా ఉన్న పడవ మీద ఏ తెరచాప బాగుందో, ఏది పాడైందో తేల్చలేము. మాస్ట్ నుంచి పడవ ముక్కుకు వెళ్ళే తీగ బిగువు చాలకపోతే గాలి తోపు రాగానే ముందున్న చిన్న తెరచాప, అంటే జిబ్, అంచు పక్కకు వంగుతుంది. అంచు వంగితే గుడ్డ ఇంకా లోతుగా ఉబ్బుతుంది, పడవ గాలికి ఎదురు వెళ్ళే కోణం చెడిపోతుంది. అప్పుడు నేరం తెరచాపది అనిపిస్తుంది, కొత్తది కొంటాము, అది కూడా అలాగే ఉబ్బుతుంది.

మీ పడవ మంచి ఎంపిక. జాక్ హోల్ట్ అనే ఆంగ్ల పడవల రూపశిల్పి 1956లో ఎంటర్‌ప్రైజ్‌ను రూపొందించారు. పొడవు 4.04 మీటర్లు, ఇద్దరు నడిపే పడవ. రెండు తెరచాపలు కలిపి సుమారు 10.5 చదరపు మీటర్లు, అంటే 113 చదరపు అడుగులు. నీలి రంగు తెరచాపలు ఆ తరగతికి గుర్తు. దీనికి స్పిన్నేకర్ అనే ఉబ్బెత్తు అదనపు తెరచాప లేదు, మనిషి పడవ బయటికి వేలాడటానికి వాడే ట్రపీజ్ తీగ కూడా లేదు. అందువల్ల మార్చవలసిన సామగ్రి తక్కువే. కానీ ఈ పొడవున్న పడవకు ఆ విస్తీర్ణం తక్కువేమీ కాదు. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే బలం నాలుగు రెట్లవుతుంది కాబట్టి, మెల్లని కార్తీక మాసపు గాలిలో హాయిగా మోసే తీగలే మిరుగు దాటాక వీచే పడమటి గాలిలో పరీక్షకు నిలవవలసి వస్తుంది.

దిగువ మానేరు విషయంలో ఇంకొక మాట చెప్పాలి. మానేరు పడమటి నుంచి వస్తుంది, ఆనకట్ట జలాశయానికి తూర్పు చివరన ఉంది. అంటే వానాకాలపు పడమటి గాలి ఆ విశాలమైన నీటి మీదుగా ఎక్కడా అడ్డు లేకుండా వచ్చి, అలలను కూడగట్టుకుని, నేరుగా కట్ట మీదికి కొడుతుంది. నడి నీటిలో ఒక పక్క తీగ తెగి మాస్ట్ కూలిందనుకోండి. పడవ కొట్టుకుపోయే దిక్కు మెత్తని షికం భూమి వైపు కాదు, రాళ్ళు పేర్చిన కట్ట వైపు. అమ్మాయిని తోడు తీసుకుని వెళుతున్నానన్నారు కాబట్టే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇక తీగలను ఎలా పరీక్షించాలో చూద్దాం. మాస్ట్‌ను దించి రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టి, తీగలను పూర్తిగా విప్పి ఎండ వెలుతురులో పరచండి. కొద్దిగా దూదిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తీగ పొడవునా మెల్లగా జరపండి. ఎక్కడ దూది పోగు చిక్కుకుంటే అక్కడ స్టీలు పోగు ఒకటి తెగి పైకి లేచిందని అర్థం. వట్టి వేలితో మాత్రం ఈ పని చేయవద్దు, ఆ పోగు సూది కంటే వాడిగా ఉంటుంది. సాధారణంగా తీగ నడుమ తెగదు. చివరన మెలిక వేసి లోహపు గొట్టంతో నొక్కి బిగించిన చోటికి కాస్త పైన, లేదా మాస్ట్ మీద తగిలించే కొక్కెం దగ్గర తెగుతుంది. గొట్టం నోటి దగ్గర గోధుమ రంగు చార కనిపిస్తే లోపల తుప్పు మొదలైనట్టే. దాన్ని తుడిచి మెరుగు పెట్టినంత మాత్రాన లోపలి తుప్పు ఆగదు. ఒక్క పోగు తెగినా ఆ తీగను మార్చాలి; రెండో పక్క తీగ చూడటానికి బాగానే ఉన్నా దాన్ని కూడా కలిపే మార్చాలి, ఎందుకంటే రెండింటి వయసూ ఒకటే, రెండూ మోసిన బరువూ ఒకటే. తీగల వయసు అమ్మినాయనకు తెలియకపోతే, పదేళ్ళు దాటాయనుకుని మార్చేయడమే నా పద్ధతి.

మంచినీటిలో తుప్పు నెమ్మదిగా పడుతుందన్నది నిజమే, అసలు పడదన్నది నిజం కాదు. పైగా హైదరాబాద్‌కు రాకముందు ఆ పడవ ముంబైలోనో చెన్నైలోనో ఉప్పునీటిలో తిరిగి ఉండవచ్చు. ఉప్పు ఒకసారి గొట్టాల లోపలికి చేరాక మానేరు నీళ్ళతో కడిగినా పోదు. అల్యూమినియం మాస్ట్‌కు స్టీలు స్క్రూలు బిగించిన చోట్ల తెల్లని పొడి రాలుతున్నదేమో కూడా చూడండి. రెండు లోహాలు తడిలో తగిలినప్పుడు అల్యూమినియం తినబడిపోయే రసాయన చర్య అది. అక్కడ మధ్యలో నైలాన్ వాషర్ వేసి, స్క్రూకు కరుచుకోకుండా ఉంచే పేస్టు రాసి మళ్ళీ బిగించాలి.

కొత్త తీగ ఎలాంటిది తీసుకోవాలి? పంతొమ్మిది పోగులను ఒకే పేటగా పేనిన 316 గ్రేడు స్టెయిన్‌లెస్ తీగ కావాలి. ఈ పరిమాణపు పడవలకు సాధారణంగా రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల మందం వాడతారు, మీ పాత తీగ మందాన్ని కాలిపర్‌తో కొలిచి అదే తెప్పించండి. ఏడు పేటలుగా ఉండి ఒక్కో పేటలో 19 పోగులున్న మెత్తని తీగ కప్పీల మీద తిరగడానికి పనికివస్తుంది కానీ, మాస్ట్‌ను పట్టి ఉంచడానికి అది కొద్దిగా సాగుతుంది. ఇక్కడ మన ప్రాంతంలో ఒక ప్రలోభం ఉంది. బోరు మోటార్లు దించడానికి వాడే జింకు పూత స్టీలు రోపు ప్రతి ఊళ్ళోనూ, చవకగా, కావలసినంత పొడవు దొరుకుతుంది. దానికి సాధారణంగా ఆరు పేటల నడుమ నార ఉంటుంది. బరువు పడినప్పుడు ఆ నార నలిగి, తీగ సాగి, మాస్ట్ గాలివాటు వైపు వాలిపోతుంది. దాన్ని బిగించే నట్టు క్లిప్పులు తెరచాపను చీల్చడంలో బాగా పనిచేస్తాయి. మోటారు దించడానికి ఎంత నమ్మకమైనదైనా, పడవకు మాత్రం వద్దు.

అదే విధంగా, పడవ గోడకు పక్క తీగను కలిపే లోహపు పట్టీ అరిగిపోయి ఉంటే, మెట్ల రెయిలింగులు చేసే వర్క్‌షాపులో కొత్తది చేయించవచ్చు, కోత, రంధ్రాల పని వాళ్ళు చక్కగా చేస్తారు. అయితే ముక్క మాత్రం మీరే తెచ్చి ఇవ్వండి. రెయిలింగులకు మన దగ్గర ఎక్కువగా వాడేది 202 గ్రేడు స్టీలు, తడిలో దానికి త్వరగా తుప్పు మరకలు వస్తాయి. అయస్కాంతం పెట్టి చూసి 316 అని తేల్చుకోవద్దు, 202 కూడా అయస్కాంతానికి సరిగా అంటుకోదు. బిల్లు మీద గ్రేడు రాసి ఇచ్చే దుకాణంలో కొనడమే మార్గం.

డైనీమా సలహా ఇచ్చినవారు అబద్ధం చెప్పలేదు. అది పాలిథీన్ కుటుంబానికి చెందిన దారం, అదే మందపు స్టీలుతో పోటీపడేంత బలం ఉంది, నీటిలో తేలుతుంది. కానీ నిరంతరం బిగువులో ఉంచితే నెమ్మదిగా, శాశ్వతంగా సాగే గుణం దానికి ఉంది. వేడిలో ఆ సాగుడు పెరుగుతుంది, రోహిణి కార్తె ఎండలో ఒడ్డున నిలబెట్టిన పడవ ఎంత వేడెక్కుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఇంకా ముఖ్యమైన విషయం, ఆ తాడు నున్నగా ఉంటుంది కాబట్టి మామూలు ముడులు జారిపోతాయి. జారకుండా ఆగిన ముడి కూడా తాడు బలాన్ని సగానికి తగ్గించవచ్చు. దాని కొసను అదే తాడు లోపలికి, మందానికి సుమారు డెబ్బై రెట్ల పొడవున దూర్చి అతకాలి. నాలుగు మిల్లీమీటర్ల తాడుకైతే అది దాదాపు 28 సెంటీమీటర్లు. ఆ అతుకు నేర్చుకోవడం కష్టమేమీ కాదు, ఆసక్తి ఉంటే అమ్మాయికి కూడా నేర్పవచ్చు. అయినా మాస్ట్‌ను పట్టి ఉంచే తీగలు స్టీలువే ఉండనివ్వండి. డైనీమాను హాల్యార్డులకు, అంటే తెరచాపను పైకి లాగి నిలిపే తాళ్ళకు, వాడుకోండి. అక్కడ దాని గుణాలు మీకు ఉపయోగపడతాయి, దాని దోషాలు అంతగా బాధించవు.

పిన్నుల గురించి క్లుప్తంగా చెబుతాను. మాస్ట్ కూలిన సందర్భాల్లో తీగ కంటే ముందు అనుమానించవలసింది ఈ చిన్న వస్తువునే. తీగ కొసను పట్టే పిన్ను బయటికి జారకుండా దాని రంధ్రంలో ఒక చుట్ట రింగు ఉంటుంది. జిబ్ తాడు దానికి తగులుకుని లాగితే ఆ రింగు విచ్చుకుని ఊడిపోతుంది. ప్రతి రింగు మీదా రెండు చుట్లు ఎలక్ట్రికల్ టేపు వేయండి, మీ మొత్తం ఖర్చులో ఇంతకంటే చవకైన భద్రత దొరకదు.

మాస్ట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి కరెంటు తీగల గురించి కూడా అడగకపోయినా చెప్పాలి. మీ మాస్ట్ సుమారు ఆరు మీటర్లు ఉంటుంది, పడవ ట్రాలీ మీద ఉన్నప్పుడు దాని కొన ఇంకా పైకి వెళుతుంది. వీధిని దాటే 11 కేవీ తీగ నేలకు 6.1 మీటర్ల ఎత్తులో ఉంటే నియమాల ప్రకారం సరిపోతుంది. పొలాల మోటార్లకు వెళ్ళే లైన్లు వేసవిలో సాగి ఇంకా కిందికి వేలాడుతుంటాయి. అల్యూమినియం మాస్ట్‌నూ స్టీలు తీగలనూ చేతులతో పట్టుకుని నిలబడే మనిషికి ఆ తీగ తగలనవసరం కూడా లేదు, దగ్గరికి వెళితే చాలు. కాబట్టి మాస్ట్‌ను నీటి అంచున, తలపైకి చూసి, తీగలు లేవని నిర్ధారించుకున్న చోటే లేపండి. లేపాక పడవను ట్రాలీ మీద ఎంత కొద్ది దూరమైనా కట్ట వెంట నడిపించవద్దు.

రెండో విడతకు వద్దాం. తాళ్ళ విషయంలో బజారులో దొరికేవన్నీ పనికిరావు. నైలాన్ తాడు లంగరుకు మంచిది, సాగుతుంది కాబట్టి కుదుపును మింగుతుంది. ఆ సాగుడే హాల్యార్డుకు శాపం. ఒడ్డున ఎంత బిగించి కట్టినా, గాలి తోపు రాగానే తెరచాప అంగుళాల లెక్కన కిందికి దిగి ముడతలు పడుతుంది. మీ తెరచాప ముందు అంచు వెంట అడ్డ ముడతలు కనిపిస్తుంటే, కొత్త తెరచాప గురించి ఆలోచించే ముందు హాల్యార్డు మీద స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసి, గాలిలో తిరిగి వచ్చాక ఆ గీత ఎంత జరిగిందో చూడండి. వలల దుకాణాల్లో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసెక్కి పొడి రాలుతుంది, దాన్ని ఏ పనికీ వాడవద్దు. హాల్యార్డులకు మూడు, నాలుగు మిల్లీమీటర్ల డైనీమా తీసుకోండి. చేతితో పట్టి లాగే షీట్లకు, అంటే తెరచాపను లోపలికి లాగే తాళ్ళకు, అల్లిన పాలిస్టర్ తాడు మంచిది. పెద్ద తెరచాపకు ఎనిమిది, జిబ్‌కు ఆరు, ఏడు మిల్లీమీటర్లు చాలు. లావు తాడు చేతికి హాయి అనిపిస్తుంది కానీ, తడిసి బరువెక్కి మెల్లగాలిలో జిబ్‌ను కిందికి వేలాడదీస్తుంది.

పాత హాల్యార్డు స్టీలు తీగతో చేసినదైతే, మాస్ట్ తలలో ఉన్న చక్రాన్ని తప్పక విప్పి చూడండి. తీగ ఏళ్ళ తరబడి తిరిగి ఆ చక్రంలో సన్నని, వాడియైన గాడి చేసి ఉంటుంది. ఆ గాడిలో కొత్త తాడు వేస్తే కొద్ది కాలంలోనే పీచులు లేచిపోతుంది. చక్రాన్ని మార్చండి, లేదా అంచులు సున్నితంగా అరగదీయించండి.

ఇప్పుడు మీ అసలు ఫిర్యాదుకు వస్తున్నాను: గాలి పెరిగితే పడవ ఒరుగుతున్నది కానీ సాగడం లేదు. గుడ్డ బాగా లోతుగా ఉండి, ఆ లోతు వెనక అంచు వైపుకు జరిగినప్పుడు, గాలి బలంలో ఎక్కువ భాగం పడవను పక్కకు తోస్తుంది, ముందుకు నెట్టే భాగం తగ్గుతుంది. దీన్ని సరిచేసే సాధనాలు మూడు, ఆ మూడూ మీ పడవ మీద ఉండే ఉంటాయి. కానీ వాటి తాళ్ళు మొద్దుబారి, ఎవరూ ముట్టుకోక ఉండిపోయి ఉంటాయని నా అనుమానం. ఔట్‌హాల్ అనే తాడు తెరచాప అడుగు అంచును బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డ కర్ర) కొసకు లాగి కింది మూడో వంతును చదును చేస్తుంది. కనింగ్‌హామ్ అనే తాడు ముందు అంచును కిందికి లాగి, వెనక్కి జరిగిన లోతును మళ్ళీ ముందుకు తెస్తుంది. వాంగ్ అనే కప్పీల తాడు బూమ్ పైకి లేవకుండా పట్టి ఉంచుతుంది.

ఈ మూడింటిలో నేను ముందు డబ్బు పెట్టమనేది వాంగ్ మీద. పాత పడవల్లో దానికి మూడు రెట్ల లాగు బలం మాత్రమే ఉంటుంది, గాలిలో దాన్ని బిగించడం పెద్దవాళ్ళకే కష్టం. నాలుగు రెట్ల కప్పీల వరుసకు ముందు రెండు రెట్ల డైనీమా తాడును జోడిస్తే ఎనిమిది రెట్లవుతుంది. అప్పుడు అమ్మాయి కూడా ఒక చేత్తో లాగగలదు. లాగవలసిన తాడు పొడవు పెరుగుతుంది, దానికి ఒప్పుకోవాలి. మూడు తాళ్ళ కొసలూ చుక్కాని పట్టుకుని కూర్చున్నవారి చేతికి అందేలా క్లీట్లు (తాడును పట్టి ఆపే బిగింపులు) అమర్చడం మరువకండి. లేచి ముందుకు వంగితే గానీ అందని తాడును గాలి తోపులో ఎవరూ లాగరు. ఇదంతా చేసి, గాలి ఉన్న ఒక సాయంత్రం మూడింటినీ గట్టిగా బిగించి నడిపి చూడండి. మీరు రాసిన ఒరుగుడులో చెప్పుకోదగిన భాగం అక్కడే తగ్గుతుందని అనుకుంటున్నాను. తక్కిన భాగానికే కొత్త తెరచాప అవసరం.

ఆ అవసరం ఎంతో అంచనా వేయడానికి ఒక కొలత ఉంది. పెద్ద తెరచాప సగం ఎత్తున, ముందు అంచు నుంచి వెనక అంచు దాకా, ముదురు రంగు టేపును తిన్నగా అంటించండి. నిదానమైన గాలిలో అమ్మాయికి చుక్కాని ఇచ్చి, మీరు బూమ్ కింద వెల్లకిలా పడుకుని ఫోనుతో ఆ టేపు వంపును ఫోటో తీయండి. ఇంటికి వచ్చాక ఫోటో మీద రెండు కొసలనూ స్కేలుతో కలిపి గీత గీసి, ఆ గీత నుంచి వంపు ఎంత లోతుందో కొలవండి. గీత పొడవులో పది నుంచి పన్నెండు శాతం లోతు ఉండి, అది ముందు అంచు నుంచి నలభై, నలభై ఐదు శాతం దూరంలో ఉంటే ఆ తెరచాప ఇంకా బతికి ఉంది. పదిహేను దాటి, లోతైన చోటు సగం కంటే వెనక్కి జరిగి, కనింగ్‌హామ్ ఎంత బిగించినా ముందుకు రాకపోతే గుడ్డ పని అయిపోయింది. రంగు వెలిసిందా లేదా అన్నది ఈ తీర్పులోకి రాదు, చక్కని ఆకారమున్న వెలిసిన తెరచాపలు చాలా ఉన్నాయి. జిబ్‌ను కూడా ఇలాగే చూడండి. రెండింటిలో ఒకటే కొనగలిగితే జిబ్ కొనండి, ధర తక్కువ, పైగా పాత జిబ్ వెనక అంచు వంకరపోతే పెద్ద తెరచాపకు వెళ్ళే గాలిని కూడా చెడగొడుతుంది.

ప్లాస్టిక్ పొరల తెరచాప మీకు వద్దు. అది కొత్తలో ఆకారాన్ని గొప్పగా నిలుపుతుంది, కానీ పొరలను జిగురు కలిపి ఉంచుతుంది. మన ఎండలకూ, కారు డిక్కీలో మూసి పెట్టిన వేడికీ, మడతలకూ ఆ జిగురు విడిపోయి పొరలు ఊడుతాయి. అల్లిన పాలిస్టర్ గుడ్డ, డాక్రాన్ అని పిలిచేది, నాలుగు ఔన్సుల బరువుది అడగండి. తెరచాప కుట్టేవారి లెక్కలో ఆ నాలుగు ఔన్సులు చదరపు మీటరుకు దాదాపు 170 గ్రాములతో సమానం. హైదరాబాద్ హుసేన్ సాగర్‌లో ఏటా వానాకాలంలో జాతీయ స్థాయి పోటీలు జరుగుతాయి, అక్కడి క్లబ్బుల్లో పోటీలకు పాతబడిన తెరచాపలు అడిగితే దొరకవచ్చు. పోటీకి పనికిరానిది మీ ఆదివారపు షికారుకు చాలా కాలం వస్తుంది. తీసుకునే ముందు గుడ్డను చేతిలో నలిపి చూడండి. కాగితంలా కరకరలాడితే దాని మీద పూసిన రెసిన్ ఇంకా ఉంది, పాత లుంగీలా మెత్తగా ఉంటే వదిలేయండి. కుట్టు దారాన్ని గోటితో గీకండి, తెగితే గుడ్డ బాగున్నా కుట్లు మళ్ళీ వేయించాలి.

ఇక్కడే మీ టార్పాలిన్ మిత్రుడు పనికివస్తాడు. ఎనుమాముల మార్కెట్‌కు టార్పాలిన్లు కుట్టే చేయి తెరచాపకు మళ్ళీ కుట్లు వేయగలదు, చిరుగుకు మాసిక వేయగలదు, తెరచాప అంచును నిలిపే బద్దలు దూర్చే జేబులు మార్చగలదు, మూలల్లో ఇత్తడి రింగులు వేయగలదు. అతనికి రెండు షరతులు పెట్టండి: ఎండను తట్టుకునే పాలిస్టర్ దారమే వాడాలి, తిన్నని కుట్టు కాకుండా వంకర (జిగ్‌జాగ్) కుట్టు వేయాలి, ఎందుకంటే గుడ్డతో పాటు సాగని తిన్నని కుట్టు గాలి తోపుకు తెగుతుంది. మాసిక మూలలు గుండ్రంగా కత్తిరించి, అంచులను వేడి కత్తితో కరిగించాలి. ముందు పాత జిబ్ అడుగు కుట్టు ఒకటి ఇచ్చి చూడండి. కొత్త తెరచాప మాత్రం అతని చేత కుట్టించవద్దు. టార్పాలిన్ చదునుగా ఉండాలి, తెరచాప చదునుగా ఉండకూడదు. దాని ముక్కల అంచులు కొన్ని మిల్లీమీటర్ల వంపుతో కత్తిరించి కలుపుతారు, ఆ వంపుల నుంచే గాలిలో లోతు పుడుతుంది. ముందు అంచును మాస్ట్ వంగే తీరుకు సరిపోయేలా బయటికి గుండ్రంగా తీస్తారు. ఆ లెక్క మనిషి నైపుణ్యం మీద కాక, ఆ పడవ తరగతి కొలతల మీద, గుడ్డ సాగే స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. మిర్చి కల్లాల మీద పరిచే టార్పాలిన్ కూడా నీలం రంగే కదా అని అతను హాస్యమాడితే నవ్వి ఊరుకోండి.

కొత్త పెద్ద తెరచాప చేయించినప్పుడు ఒక రీఫ్ వరుస వేయమని తప్పక అడగండి. గాలి ఎక్కువైనప్పుడు తెరచాప కింది భాగాన్ని మడిచి బూమ్‌కు కట్టేసుకునే ఏర్పాటు అది. పోటీదారులు అదనపు బరువని వద్దంటారు. తండ్రీ కూతుళ్ళు నడిపే పడవకు అది ఏ ఖరీదైన గుడ్డ కంటే ఎక్కువ ఉపయోగం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఈదురుగాలి నిమిషాల్లో లేస్తుంది, మబ్బు కమ్మితే రీఫ్ గురించి ఆలోచించకుండా ఒడ్డుకు రావాలి. కానీ జూలై నాటి నిలకడైన పడమటి గాలిలో ఒడ్డునే రీఫ్ కట్టుకుని బయలుదేరితే రోజంతా ధైర్యంగా తిరగవచ్చు. మాస్ట్ కొసకు ఒక చిన్న గాలి తిత్తి కట్టుకోవడం కూడా మంచిది. వేసవిలో నీరు తగ్గిన చోట పడవ బోర్లాపడితే మాస్ట్ కొన బురదలో దిగబడి, ఇద్దరు మనుషుల బలానికి లేవదు.

తీగల పని ఇప్పుడే మొదలుపెట్టి మిరుగులోపు పూర్తి చేయండి. కొత్త తీగలు మొదటి రెండు మూడు సార్లు కొద్దిగా కుదురుకుంటాయి కాబట్టి, ప్రతిసారీ ఒడ్డుకు వచ్చాక బిగువు మళ్ళీ చూడండి. పాత చెక్క పడవైతే బిగువు అతిగా పెంచవద్దు, తీగ తట్టుకున్నా పట్టీ కింది చెక్క తట్టుకోదు. వానాకాలమంతా పాత తెరచాపతోనే తిరిగి, పైన చెప్పిన ఫోటో కొలతలు తీసుకుని, తెరచాప ఆర్డరు దసరా తర్వాత ఇవ్వండి. తయారై వచ్చేసరికి చలికాలపు మెల్లని గాలులు ఉంటాయి, కొత్త గుడ్డను తొలిసారి సాగదీయకుండా నడపడానికి అవే సరైనవి. ఆర్డరు పంపేటప్పుడు మాస్ట్, బూమ్ మీద తెరచాప హద్దులు తెలిపే రంగు పట్టీల మధ్య దూరం, మాస్ట్ గాడి వెడల్పు, పడవ మీద చెక్కి ఉన్న నంబరు రాసి పంపండి. ఆ నంబరే తెరచాప మీద కూడా వేస్తారు.